చప్పుడు లేని బొమ్మ

ఆ సినిమాహాల్లో తెర వైపు చూడని మనిషి ఒక్కడే. తలుపు దగ్గర నిలబడే టార్చి మనిషి. ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు. మేనేజరు మొదలు మరుగుదొడ్లు కడిగే ఆమె వరకు అందరికీ టార్చన్నే. ఆలస్యంగా వచ్చినవాళ్లకు మెట్ల మీద వెలుగుచుక్క వేసి సీటు చూపించడం, చంటిపిల్ల గుక్కపడితే తల్లిని మెల్లిగా బయటికి తీసుకెళ్లడం, ఎవరైనా లేచి వస్తే చప్పుడు కాకుండా తలుపు తీసి పట్టుకోవడం ఆయన పని. ఈ పనులన్నిటికీ తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడాలి. అలా నిలబడీ నిలబడీ ఆయనకు సినిమా అంటే చెవులతో వినేదీ, ఎదుటివాళ్ల మొహాల మీద చూసేదీ అయిపోయింది.

'దేవుడు కళ్లకు రెప్పలిచ్చాడు. చెవులకెందుకు ఇవ్వలేదో' అని ఆయన ఒక్కోసారి అనుకునేవాడు. అనుకున్న మరుక్షణం, అది దేవుడికి వంక పెట్టినట్టవుతుందని లెంపలు వేసుకునేవాడు.

ఇప్పుడు ఆడుతున్న సినిమాలో సుత్తితో మనిషిని కొట్టే సీను ఒకటుంది. ఊరంతా ఆ సీను గురించే మాట్లాడుకుంటోంది. టార్చన్న దాన్ని ఒక్కసారీ చూడలేదు గానీ ఎప్పుడు వస్తుందో గడియారం చూడకుండా చెప్పగలడు. ముందు పాట ఆగిపోతుంది. ఒక కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఆ తర్వాత ఎవరో దీర్ఘంగా ఊపిరి పీలుస్తారు. ఆపైన మొదటి దెబ్బ.

ఆ దెబ్బకు జనం రకరకాలుగా విడిపోతారు. ముందు వరసల్లో ఈలలు. మధ్యలో మొగుళ్ల భుజాల వెనక దాక్కునే పెళ్లాలు, పెళ్లాలు చూస్తున్నారు కదా అని ధైర్యం నటించే మొగుళ్లు. ఒకాయన ఎప్పుడూ సరిగ్గా అప్పుడే చెప్పుల కోసం కాళ్లతో వెతుక్కుంటాడు. ఒకామె వేళ్ల సందుల్లోంచి చూస్తుంది. చూడనూ లేదు, చూడకుండా ఉండనూ లేదు. వెనక వరసలో ఒక ముసలాయన పేలాల పొట్లం ఖాళీ చేస్తూ, దెబ్బ దెబ్బకీ ఒక్కో గింజ నోట్లో వేసుకుంటాడు. అందరూ మనుషులే, అందరికీ కళ్లు రెండే. ఒకడి గొంతులోకి దిగేది మరొకడి గొంతులో ఎందుకు అడ్డం పడుతుందో టార్చన్నకు ఇన్నేళ్లలో బోధపడలేదు.

"ఇవాళ ఎవరు పడతారు, టార్చన్నా?" అని ఆ మధ్యాహ్నం మేనేజరు తలుపు సందులోంచి గొంతు తగ్గించి అడిగాడు. ఈమధ్య రోజూ అడుగుతున్నాడు. నీళ్లు, బల్ల సిద్ధం చేయించడానికనుకుని టార్చన్న రోజూ చెబుతున్నాడు.

"గోడ పక్కన చివరి సీటామె సార్. ఒక్కతే వచ్చింది. చేతిసంచి గుండెలకు హత్తుకుని కూర్చుంది. సీను రానేలేదు, అప్పుడే చెమటలు."

ఆయన లెక్క తప్పలేదు. రెండో దెబ్బకు ఆమె లేచింది. గోడ తడుముకుంటూ నాలుగడుగులు వేసి, బట్టల దండెం మీంచి చీర జారినట్టు జారిపోయింది. టార్చన్న పరిగెత్తి చంకల కింద చేతులు వేసి బయటికి తెచ్చాడు. బల్ల మీద పడుకోబెట్టి మొహాన నీళ్లు చల్లాడు. నడివయసు మనిషి. ఎడమచేతి చూపుడువేలు కొస అంతా సూది గుచ్చుళ్లు. కళ్లు తెరవగానే ఆమె అడిగిన మాట టార్చన్న ఎన్నడూ విననిది.

"ఎంతవరకు చూశాను?"

మార్కులడిగే బడిపిల్ల గొంతు అది. ఆయన నీళ్ల గ్లాసు అందించాడు. తలెత్తితే స్తంభం వెనక మేనేజరు. చేతిలో ఫోను, ఫోను వాళ్ల వైపే.

మర్నాటికి ఆ వీడియో హాలు ముందు గదిలో గోడకున్న పెద్ద టీవీలో తిరగడం మొదలైంది. ఆమె లేవడం, తడుముకోవడం, నోరు తెరిచి జారిపోవడం. కింద పెద్ద అక్షరాలు: 'మీ గుండె గట్టిదేనా?' టికెట్ల వరస రోడ్డు దాకా సాగింది. ఇద్దరు కుర్రాళ్లు ఆ చివరి సీటు ఏదో కనుక్కుని, దాని మీద వాలిపోయినట్టు నటిస్తూ ఫొటోలు తీసుకున్నారు.

"నన్ను తీసినా బాగుండేది. కనీసం తల దువ్వుకుని పడేదాన్ని," అంది పేలాలు అమ్మే పిన్ని. టార్చన్న మొహం చూసి నవ్వు మింగేసింది.

ఆయన మేనేజరు గదికి వెళ్లాడు. "ఆమెను అడిగి పెట్టారా సార్?"

"అడిగితే కుదురుతుందా? మొహం సరిగా కనపడదులే."

"కనపడుతోంది సార్."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. పండగొస్తే అందరికీ బట్టలు పెట్టే మనిషే. "టార్చన్నా, జనం దడుచుకోవడానికే వస్తున్నారు. దడుచుకున్నవాళ్లను చూపిస్తే ఇంకా వస్తారు. ఇందులో పాపమేముంది? అయినా ఆమెను చూపించింది నువ్వేగా."

"నీళ్ల కోసమనుకున్నాను."

"నీళ్లిచ్చావుగా మరి."

ఆయన మళ్లీ తలుపు దగ్గరికి వచ్చేశాడు.

ఇంట్లో భార్య టీవీ ముందు కూర్చుని కూర తరుగుతోంది. టీవీలో ఎవడో ఎవడినో పొడుస్తున్నాడు. ఆవిడ కత్తిపీట ఆగలేదు. "మీ హాలు వీడియో చూశానండీ, పక్కింటావిడ ఫోన్లో. పాపం, ఎవరో గాని. అంత భయమున్న మనిషి ఆ సినిమాకి పోవడం ఎందుకు, కొరివితో తల గోక్కోవడం కాకపోతే?"

"నీకు భయం వేయదా?"

"రంగునీళ్లకి భయమేంటి? వాళ్లూ పొద్దుగూకితే ఇళ్లకి పోయి భోంచేస్తారు." అంతలో పొయ్యి కింద బొద్దింక కదిలింది. ఆవిడ కాళ్లు పైకి ముడుచుకుంది. "చంపకండి, చంపకండి. చీపురుతో మెల్లిగా బయటికి తోసేయండి. ఆ కాళ్లు కొట్టుకోవడం నేను చూడలేను."

టార్చన్న బొద్దింకను గడప దాటించి వచ్చి, చేతులు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఏం కోరుకోవాలో తెలియలేదు. ఊరికే నిలబడి వచ్చేశాడు.

ఆమె మళ్లీ వచ్చింది. పొద్దుటి ఆటకు, జనం పలచగా ఉన్నప్పుడు. తగువుకే వచ్చిందనుకుని టార్చన్న ఎదురెళ్లాడు. "అమ్మా, ఆ వీడియో విషయం... నా తప్పు కూడా ఉంది."

"ఏ వీడియో?"

ఆయన కళ్లు గోడ వైపు వెళ్లాయి. ఆమె అటు తిరిగింది. తను పడిపోవడం తనే మొదటినుంచి చివరిదాకా చూసింది. పరాయివాళ్ల బట్టలు ఆరేసి ఉంటే చూసినట్టు చూసింది.

"ఇక్కడే పడ్డానా! తలుపు దాకా వచ్చాననుకున్నాను," అంది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "అన్నయ్యా, ఇవాళ నేను లేచి వస్తే తలుపు తీయకండి."

"అదేంటమ్మా! తలుపు తీయడమే నా ఉద్యోగం. ఎందుకొచ్చిన కష్టం, ఇంటికి పొండి."

ఆమె వెళ్లలేదు. మెట్ల మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుని, కొలతలు చెబుతున్నంత నెమ్మదిగా చెప్పింది. బట్టలు కుడుతుందట. ఒక్క తమ్ముడు. తల్లి పోయాక తనే పెంచింది. వాడికి తాళంచెవులు చేసే కొట్టుండేది. కొట్లో భాగస్థుడే వాడిని కొట్టి చంపాడు. ఎదురు దుకాణం కెమెరాలో అంతా పడింది. చంపినవాడు మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. అంతా అయ్యాక, వెళ్లిపోతూ, ఒక్కసారి గుడ్డ దించి చెమట తుడుచుకున్నాడు.

"పోలీసులకు మసకమనిషి అన్నయ్యా. నాకు మసక కాదు. మా ఇంట్లో నా చేతి అన్నం తిన్నవాడు. కానీ ఆ మొహం చివర్లో వస్తుంది. ముందంతా చూడాలి కదా. స్టేషన్లో పెట్టిన ప్రతిసారీ మధ్యలోనే పడిపోయాను."

"చివరి ముక్క ఒక్కటే చూపించమనొచ్చుగా."

"నేనూ అడిగాను. మా లాయరు ఒప్పుకోలేదు. 'మొత్తం చూసి, కొట్టినవాడూ మొహం చూపించినవాడూ ఒకడేనని నువ్వు చెప్పాలి. మధ్యలో కళ్లు మూసుకున్నావో, అసలు చూడనే లేదంటారు, వాడు నవ్వుకుంటూ ఇంటికి పోతాడు' అన్నాడు. వచ్చే వారమే కోర్టు." ఆమె సంచి తాడు వేలికి చుట్టుకుంది. "ఈ సినిమా కళ్లు తెరుచుకుని చూసినవాళ్లు లేరని మా కుట్టుగదిలో ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. ఇది చూడగలిగితే అదీ చూడగలను. ఈత రావాలంటే నీళ్లలో దిగాలి కదా."

ఈ నీళ్లూ ఆ నీళ్లూ ఒకటి కావమ్మా అనాలనిపించింది టార్చన్నకు. అనకుండానే టికెట్టు చింపి ఇచ్చాడు.

కుర్చీ ఈడ్చిన చప్పుడు. దీర్ఘమైన ఊపిరి. దెబ్బ. ఆమె లేచి వచ్చేసింది. తలుపు అడ్డకమ్మీ మీద ఆయన చెయ్యి ఉంది. ఆమె ఆ చేతిని పట్టుకు గుంజింది. "తీయండి. చచ్చిపోతాను, తీయండి." ఎవరో "ఉష్" అన్నారు. జీవితమంతా తెరిచిన తలుపును ఆయన ఒంటి బరువంతా వేసి మూసి పట్టుకున్నాడు. ఆమె తలుపుకు ఆనుకుని కిందికి జారి, చెవులు మూసుకుంది.

"వెనక్కి తిరగండమ్మా," అన్నాడు ఆయన. ఆ గొంతు తనదేనా అనిపించింది. "తెర వైపు తిరగండి."

ఆమె తిరిగింది.

ఆ రోజు చివరి దెబ్బ దాకా ఆమె నేల మీద కూర్చునే చూసింది. పై రోజు సీట్లో కూర్చుంది. పెదాలు ఆడుతూనే ఉన్నాయి, జపమో లెక్కో తెలియదు. టార్చన్న ఆమె పక్కనే నడవలో నిలబడ్డాడు. సీను అయిపోయాక ఆమె తలెత్తి ఆయన వంక చూసింది. సున్నం కొట్టినట్టున్న ఆ మొహం మీద కొంచెం నవ్వులాంటిది కనిపించింది. ఆయనా నవ్వాడు. వీడియో ఆ గోడ మీద ఇంకా తిరుగుతూనే ఉంది. దాని ముందునుంచే నడిచి వస్తున్న ఆమెను ఎవరూ పోల్చుకోలేదు.

ఆ తర్వాత ఒకనాడు ఆమె పని మధ్యలో లేచి వచ్చింది. తినడానికి తీరిక దొరకలేదని రొట్టెముక్క వెంట తెచ్చుకుంది. పాట ఆగింది. కుర్చీ ఈడ్చారు. ఆమె రొట్టె తుంచుకుంది. మొదటి దెబ్బ పడింది. ముందు వరసల్లో ఈలలు లేచాయి. ఒకామె వేళ్లు మొహం మీదికి పోయాయి. కుట్టుపనామె దవడ ఆడుతూనే ఉంది. టార్చన్న వెనక వరసలో పేలాలు తినే ముసలాయన్ని చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. గెలిచింది కదా, సంతోషించాలి అనుకున్నాడు.

"ఆ సుత్తి ఉత్తుత్తిది అన్నయ్యా," అంది బయటికొచ్చాక, చీర మీద పడ్డ రొట్టెపొడి దులుపుకుంటూ. "నిజంగా బరువుంటే చెయ్యి అంత తొందరగా పైకి లేవదు."

"నేను చూడలేదమ్మా."

"రోజూ ఇక్కడే ఉంటారుగా!"

"అటు తిరగను."

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "రేపు కోర్టుకి రాగలరా? మా మరదలు ఉంటుంది, తమ్ముడి భార్య. అది ఏడిస్తే నేను జారిపోతాను. మీరు తలుపు దగ్గర నిలబడితే చాలు. ఇక్కడ నిలబడ్డట్టే."

కోర్టుగది ఆయన అనుకున్నంత పెద్దది కాదు. బల్లలకు పాత వార్నిషు వాసన. బోనులో నిలబడ్డ మనిషి నున్నగా గడ్డం గీసుకుని, పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడు. వెనక బెంచీలో కుట్టుపనామె మరదలు, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని. చక్రాల బల్ల మీద ఒక టీవీని తోసుకొచ్చి అందరికీ కనపడేలా తిప్పారు. కిటికీ తెరలు దించారు.

టార్చన్న అలవాటు చొప్పున తలుపు దగ్గర, టీవీకి వీపు పెట్టి నిలబడ్డాడు. మొహాలు చూస్తే చాలు, ఎక్కడిదాకా వచ్చిందో తెలిసిపోతుంది. జడ్జి కళ్లద్దాలు సర్దుకున్నాడు. గుమాస్తా కలం పట్టుకున్నాడు. కుట్టుపనామె సాక్షి బోనులో నిటారుగా నిలబడి ఉంది. ఆయన చెవులు రిక్కించాడు.

ఏమీ వినపడలేదు. పైన ఫ్యాను తిరుగుతోంది, అంతే. వీడియో మొదలైందా? ఇంకా లేదా? పాట ఆగడం లేదు, కుర్చీ ఈడ్వడం లేదు, ఎవరూ ఊపిరి పీల్చడం లేదు. ఎప్పుడు బిగబట్టుకోవాలో చెప్పే చప్పుడు ఒక్కటీ లేదు. ఉన్నట్టుండి మరదలి తల మోకాళ్ల మీదికి వాలిపోయింది. కుట్టుపనామె రెప్ప కదలలేదు. మొదలవలేదేమో అనుకుని టార్చన్న వెనక్కి తిరిగాడు.

బొమ్మ ఆడుతూనే ఉంది, చప్పుడే లేదు. బూడిదరంగు వీధి. కొట్టు ముందు ఒక మనిషి వంగి తాళం వేస్తున్నాడు. వెనక ఇంకో మనిషి చెయ్యి లేస్తోంది, దిగుతోంది. తొందరేం లేదు, మేకు దిగ్గొట్టేవాడి పనిలా ఉంది. కిందపడ్డ మనిషి వాన చినుకులకు పెట్టుకున్నట్టు నెత్తి మీద ఒక చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రెండో చెయ్యి, చెదిరిపోయిన తాళంచెవుల్ని దగ్గరికి చేర్చుకుంటోంది. దెబ్బ పడుతున్నా ఒక్కో తాళంచెవినీ దగ్గరికి లాక్కుంటూనే ఉంది. ఆ చెయ్యి ఇంకా ఆగలేదు.

టార్చన్న చెయ్యి కాలరు దగ్గరికి పోయింది. గాలి కోసం లాగితే బొత్తాం తెగి ఎక్కడో పడింది. భుజంతో తలుపు నెట్టుకుని వరండాలోకి వచ్చి, గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. పొద్దున తిన్నదే కాదు, ఇన్నేళ్లుగా చెవుల్లో పోసుకున్నదంతా పొట్టలోంచి తన్నుకొస్తున్నట్టనిపించింది.

"ఆ పోయినాయన మీ మనిషా పెద్దాయనా?" అన్నాడు కాపలా పోలీసు, ఆయన్ని బెంచీ మీద కూర్చోబెడుతూ.

"కాదు బాబూ. నాకేమీ కాడు."

తలుపు పూర్తిగా మూసుకోలేదు. లోపలినుంచి ఆమె గొంతు వచ్చింది. "ఆపండి. ఇక్కడ. కొట్టిందీ ఇతనే, గుడ్డ దించిందీ ఇతనే. అదిగో, ఆ బోనులో ఉన్నాడు." నడుము ఇంత, చెయ్యి పొడవు ఇంత అని చెప్పే గొంతే.

తర్వాత అవతలి లాయరు గొంతు. "అమ్మా, మీరు ఈమధ్య ఒక సినిమాహాల్లో స్పృహ తప్పి పడిపోయారా? ఆ వీడియో చాలామంది చూశారు."

"పడ్డాను."

"సినిమా చూసి?"

"అవునండి."

"సినిమా చూసి పడిపోయిన మనిషి, తోడబుట్టినవాడి చావు చూస్తూ కన్ను ఆర్పలేదు. కోర్టువారు గమనించాలి. నిజంగా ప్రేమ ఉన్న మనిషి..."

"ఆమె గుర్తుపట్టిందా లేదా అన్నదే ఇక్కడ విషయం," అన్నాడు జడ్జి. "గుర్తుపట్టింది. రాసుకోండి. మిగతాది అనవసరం."

బెంచీ మీద టార్చన్న కళ్లు మూసుకున్నాడు. 'గోడ పక్కన చివరి సీటామె సార్.' ఆనాడు మేనేజరుతో తను అన్న మాటే ఇంత దూరం నడిచొచ్చి, లోపల నిలబడి ఆమెను అడుగుతోంది.

మొదట మరదలు బయటికి వచ్చింది. వెనకే కుట్టుపనామె, సంచి చంకలో పెట్టుకుని. మరదలు ఆగి, ఉబ్బిన కళ్లతో ఆమెను చూసింది. తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు.

"ఒక్కసారైనా కళ్లు మూసుకోలేకపోయావా వదినా," అంది.

జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

కుట్టుపనామె వచ్చి టార్చన్న పక్కన బెంచీ మీద కూర్చుంది. "చెప్పాను అన్నయ్యా. రాసుకున్నారు. ఇక వాడు తప్పించుకోలేడని మా లాయరు అన్నాడు."

"మంచిదమ్మా. మంచి పని చేశారు."

"చేశాను." ఆమె అరచేతులు మోకాళ్ల మీద బోర్లించింది. "చూస్తుంటే ఏమనిపించిందో ఎవరికీ చెప్పలేను, మీకు చెబుతాను. ఇందులో రక్తం తక్కువగా ఉందే అనిపించింది. వాడు పడుతుంటే... మా వాడు పడుతుంటే... ఇంకెంతసేపు, ఆ మొహం ముక్క ఎప్పుడొస్తుంది అనుకున్నాను."

టార్చన్న దేవుడి మాట చెబుదామనుకున్నాడు. చేత్తో మూతి తుడుచుకున్నాడు.

ఆమె ఆయన చొక్కా మీది మరక చూసింది. "మీరు చూశారా?"

"తిరిగానమ్మా. చూశాను."

"వాంతి అయిందా?"

"అయింది."

ఆకలిగొన్న మనిషి పక్కవాడి విస్తరి చూసినట్టు ఆమె ఆయన మొహం కేసి చూసింది. ఆ చూపులో కోపం లేదు, జాలి లేదు. "ఎలా ఉంటుంది?" అని అడగబోయినట్టు పెదవి కదిలింది. అడగలేదు. సంచిలోంచి గుడ్డముక్క తీసి ఆయన చొక్కా తుడిచింది. కాలరు తెరుచుకుని ఉండడం చూసి, "బొత్తాం ఊడింది, ఉండండి," అంది. సంచి అడుగునుంచి ఒక తెల్ల బొత్తాం, సూది, దారపుండ తీసింది.

టార్చన్న ఆమె వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ ఎవరు పడతారో ముందే కనిపెట్టగలిగిన మనిషి, ఇప్పుడు ఆ వేళ్లు ఒక్కసారి వణికితే చాలునని లోలోపల దేవుణ్ణి అడుక్కున్నాడు.

ఆమె దారం కొస పెదాలతో తడిపి, సూదిని వెలుగుకు ఎత్తి పట్టింది. దారం మొదటిసారికే దూరిపోయింది.